మైకు పెట్టి స్పీకర్ల ట్యూనింగ్: అపోహలు - వాస్తవాలు

హోమ్ థియేటర్ రిసీవర్ (స్పీకర్లను నడిపే పెట్టె) టెస్ట్ టోన్లు మోగించి, తనతో వచ్చిన మైకుతో కొలిచి స్పీకర్లను గదికి తగ్గట్టు సర్దుతుంది.

అపోహ: మైకు తగిలిస్తే చాలు, మిగతాదంతా రిసీవరే చూసుకుంటుంది.

వాస్తవం: అది సర్దగలిగేది లెవెల్, దూరం, టోన్ బాలెన్స్, క్రాసోవర్ (ఏ ఫ్రీక్వెన్సీ ఏ స్పీకరుకు పోవాలో విడదీసే ఏర్పాటు) లాంటివి మాత్రమే. వైర్లు తారుమారైతే, స్పీకరు సోఫా వెనక దాక్కుంటే దానికీ దిక్కులేదు. ముందు ఎరుపు ఎరుపుకే, నలుపు నలుపుకే ఉన్నాయా చూడండి. వైర్లు సరిగా ఉన్నా ‘ఫేజ్’ ఎర్రర్ (వైర్లు తిరగబడ్డాయనే హెచ్చరిక) వస్తే కంగారొద్దు. కొన్ని స్పీకర్ల క్రాసోవర్ డిజైన్ వల్ల, గోడల ప్రతిధ్వని వల్ల కూడా అలా వస్తుంది. స్కిప్ నొక్కి ముందుకెళ్ళండి.

ఎక్కువమంది బోల్తాపడేది సబ్‌వూఫర్ (బేస్ శబ్దాలకు వేరుగా ఉండే స్పీకరు, పొట్టిగా ‘సబ్’) దగ్గర. వెనకున్న క్రాసోవర్ నాబ్ అన్నిటికంటే పెద్ద అంకెదాకా తిప్పేయాలి, ఫేజ్ 0లో ఉంచాలి. ఆటో స్టాండ్‌బై ఆపాలి, లేకపోతే టెస్ట్ టోన్ వచ్చేసరికి సబ్ నిద్రలోనే ఉండి, ‘సబ్‌వూఫర్ లేదు’ అని రిసీవర్ తేల్చేస్తుంది. సబ్ వాల్యూమ్ సగానికి పెట్టి మొదలెట్టండి. కొలిచాక సబ్ లెవెల్ మైనస్ 12 డెసిబెల్స్ చూపిస్తే (కొన్నిట్లో మైనస్ 10) రిసీవర్ తన హద్దుకు చేరిందన్నమాట, ఆ అంకెను నమ్మలేం. సబ్ వాల్యూమ్ తగ్గించి మళ్ళీ కొలవాల్సిందే.

అపోహ: మా హాలు నిశ్శబ్దంగానే ఉంటుంది.

వాస్తవం: మే నెలలో ఒడిశాలోని బరంపురంలో ఫ్యాన్ ఆపమంటే ఇంట్లోవాళ్ళు ఊరుకోరు, నిజమే. కానీ ఆ గాలి మైకుకు తగిలితే అది బేస్ శబ్దంగా నమోదవుతుంది. ఫ్యాను, ఏసీ, ఫ్రిజ్ కాసేపు ఆపండి. హౌరా - చెన్నై లైను పక్కన ఇల్లుంటే బండి పోయేదాకా ఆగండి, ఆ గడగడ చాలావరకు సబ్ పనిచేసే ఫ్రీక్వెన్సీల్లోనే. కొరాపుట్ వైపు రేకుల ఇంట్లో వాన పడుతుంటే ఆ పూటకు పని మానుకోండి. కరెంటు పోయి స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్ మీద నడుస్తున్నా అంతే: ఆంప్లిఫయర్‌లో హమ్ (గుయ్యిమనే శబ్దం) చేరుతుంది.

అపోహ: మైకు సోఫా మీద పెట్టేస్తే సరి.

వాస్తవం: కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో, ట్రైపాడ్ మీద ఉండాలి. రిసీవర్‌తో వచ్చిన మైకైతే దాని ముఖం సాధారణంగా పైకప్పు వైపు. సోఫా వీపు ఎత్తుగా ఉంటే ఒక జానెడు ముందుకు జరపండి. మొదటి స్థానం మీరు రోజూ కూర్చునే చోటే. చాలా రిసీవర్లు దూరాలూ లెవెళ్ళూ అక్కడినుంచే లెక్కిస్తాయి. మిగతా స్థానాలు దానికి రెండడుగుల లోపే. వేరే కంపెనీ మైకు గుచ్చితే లెక్కంతా తప్పు, ఏ రిసీవర్ అయినా తన మైకు స్వభావాన్నే ఎరుగును.

అపోహ: ఈక్యూ (రిసీవర్ చేసే టోన్ దిద్దుబాటు) ఉంటే గది ఎలా ఉన్నా ఫరవాలేదు.

వాస్తవం: స్లాబు, టైల్స్, తెరల్లేని గోడలు: మన ఇళ్ళలో మోత (ప్రతిధ్వని) ఎక్కువ. దాన్ని ఈక్యూ తీసేయలేదు, తివాచీ, మందపాటి తెర కొంత తగ్గిస్తాయి. స్పీకర్లోని వూఫర్ (బేస్ ఇచ్చే కోన్) తన వెనకున్న గోడకు 1 మీటరు దూరంలో ఉంటే, గోడ నుంచి తిరిగొచ్చే శబ్దం వల్ల 86 హెర్ట్జ్ దగ్గర శబ్దం గుంటపడుతుంది. దాన్ని 10 డెసిబెల్స్ పెంచి పూడ్చాలంటే ఆంప్లిఫయర్ పదింతల పవర్ ఇవ్వాలి, అయినా గుంట పూడదు. స్పీకర్నే జరిపి మళ్ళీ కొలవండి.

చివరగా, చిన్న స్పీకర్లను రిసీవర్ ‘లార్జ్’ (బేస్ అంతా వాటికే) అని రాస్తే ‘స్మాల్’ (బేస్ సబ్‌కి) చేసి క్రాసోవర్ 80 హెర్ట్జ్‌కి మార్చండి. అది సొంతంగా 120 పెడితే మాత్రం కిందికి దించకండి.