మా అత్తగారే నాకు అమ్మమ్మ

చిరంజీవి బుజ్జమ్మకు, చిన్నోడికి మామ్మ ఆశీస్సులు.

మేమిద్దరం బాగున్నాం. వశిష్ఠ గోదావరిలో నీళ్ళు తగ్గి లంక బయటపడింది. తాతయ్య పొద్దున్నే చేతికర్ర పట్టుకుని ఏటిగట్టు దాకా వెళ్ళి వస్తున్నారు.

బుజ్జమ్మా, మొన్న నువ్వు ఫోన్లో చెప్పిన సంగతి నా మనసులోంచి పోవడం లేదు. మీ హాస్టల్ గదిలోకి కొత్తగా వచ్చిన, కొండల్లోని చింతూరు అమ్మాయికి కళ్ళు పచ్చగా ఉన్నాయని, కామెర్లు అంటుకుంటాయని మిగతా పిల్లలు తన కంచం, గ్లాసు విడిగా పెట్టించారన్నావు. తనకున్నది సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు అని తెలిశాక ఒకమ్మాయి, "కొండల్లో వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుంటారు, అందుకే అలాంటి జబ్బులు" అందట. "నిజమేనా మామ్మా?" అని అడిగావు. ఫోన్లో కాదమ్మా అని మాత్రం అన్నాను. సరిగ్గా జవాబు చెప్పాలంటే మన ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. తాతయ్యని అడిగాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "రాయి, పిల్లలు పెద్దవాళ్ళయ్యారు" అన్నారు.

ముందు ఆ కళ్ళ సంగతి. అది అంటుకునే కామెర్లు కాదు. మన రక్తంలో ఎర్రకణం సుమారు 120 రోజులు బతుకుతుంది. సికిల్ సెల్ ఉన్నవాళ్ళలో 10 నుంచి 20 రోజులకే విరిగిపోతుంది. విరిగిన కణాల్లోంచి వచ్చే పసుపు పదార్థాన్ని కాలేయం ఎప్పటికప్పుడు బయటికి పంపలేకపోతే అది కళ్ళలో తేలుతుంది. ఆ అమ్మాయితో ఒకే కంచంలో తిన్నా, ఒకే దుప్పటి కప్పుకున్నా నీకేమీ రాదు. ఆ జబ్బు అమ్మ దగ్గర్నుంచి, నాన్న దగ్గర్నుంచి పుట్టుకతో రావలసిందే. ఈ మాట ఇవాళే గదిలో అందరికీ చెప్పు. కంచం విడిగా పెట్టడం ఇవాళ్టితో ఆగిపోవాలి.

గోకవరం దాటి రంపచోడవరం వైపు వెళ్తుంటే కొండలు మొదలవుతాయి కదా, ఆ ఏజెన్సీలో నేను పదకొండేళ్ళు ఊరూరా తిరిగే ఏ.ఎన్.ఎం. నర్సుగా పనిచేశాను. ఏడాది నిండని పిల్లలకి చేతివేళ్ళు, కాళ్ళు వాచిపోయి, ముట్టుకుంటే చాలు గుక్కపట్టి ఏడ్చేవారు. గాలి సోకిందని తల్లులు అనేవాళ్ళు. రక్తం తక్కువని మేము ఐరన్ మందు ఇచ్చేవాళ్ళం. అది సికిల్ సెల్ అని, కొడవలిలా వంగిన కణాలు సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడితే ఆ నొప్పి వస్తుందని చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. ఐరన్ దానికి మందు కాదు. ఆ పసిపిల్లల మొహాలు ఇప్పటికీ గుర్తొస్తాయి.

అసలు జరిగేదేమిటో చెప్తాను. రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌లో బీటా అనే గొలుసు ఉంటుంది. దాన్ని 146 పూసల దండ అనుకోండి. ఆరో పూస దగ్గర ఒకటి ఉండాల్సిన చోట ఇంకొకటి పడితే అదే సికిల్. ఒక్క పూసే! 1956-57లో ఇంగ్రామ్ అనే శాస్త్రవేత్త దీన్ని కనిపెట్టాడు. ఇంకో రకం తప్పు ఉంది. పూసలు సరైనవే అయినా దండే సరిపడా తయారుకాదు. దాన్ని బీటా తలసీమియా అంటారు. రెండూ ఒకే జన్యువులో వచ్చే తేడాలే. ప్రతి మనిషికీ ఈ జన్యువు రెండు కాపీలుంటాయి, ఒకటి అమ్మది, ఒకటి నాన్నది. ఒకటి మాత్రమే చెడితే మనిషి మామూలుగానే ఉంటాడు, వాహకుడు అంటారు. ఇద్దరు వాహకులు పెళ్ళి చేసుకుంటే ప్రతి కానుపులోనూ నాలుగింట ఒక వంతు జబ్బు బిడ్డ పుట్టే అవకాశం ఉంటుంది. ముందు బిడ్డకి వచ్చింది కాబట్టి తరవాతి బిడ్డకి రాదనుకుంటారు చాలామంది. లెక్క ప్రతిసారీ మొదటినుంచే మొదలవుతుంది, బొమ్మా బొరుసూ వేసినట్టు.

మరి ఇంత బాధపెట్టే జన్యువు తరతరాలుగా ఎందుకు మిగిలింది? జ్వరం వల్ల. మన్యం జ్వరం, అంటే మలేరియా, పేరు చెబితే ఒకప్పుడు ఉద్యోగులు బదిలీ రద్దు చేయించుకునేవాళ్ళు, అంత భయం. ఒక్క సికిల్ కాపీ ఉన్న పిల్లల్ని మలేరియా అంత తేలిగ్గా చంపలేదని ఆలిసన్ అనే డాక్టరు తూర్పు ఆఫ్రికాలో గమనించి 1954లో చెప్పాడు. అంతకు కొన్నేళ్ళ ముందే హాల్డేన్ అనే శాస్త్రవేత్త తలసీమియా గురించి ఇదే ఊహ చేశాడు. అంటే మలేరియా ఉన్నచోట ఎన్నో తరాలు పిల్లల్ని కాపాడుకున్న రక్తం అది. ఒక కాపీ రక్షణ, రెండు కాపీలు జబ్బు. మీ చింతూరు అమ్మాయి పూర్వీకులు ఆ కొండల్లో బతికి బట్టకట్టారంటే ఆ కాపీ కూడా ఒక కారణం. అందులో చిన్నచూపు చూడాల్సింది ఏముంది?

ఈ హాల్డేన్‌కీ మన గోదావరి జిల్లాలకీ సంబంధం ఉంది. ఆయన 1957లో ఇంగ్లండ్ వదిలి మనదేశం వచ్చేశాడు. పిఠాపురంలో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావుగారు ఆయన శిష్యుడై, ఆంధ్రలో మేనరికాలు ఎన్ని, వాటి ఫలితాలేమిటి అని 1960ల్లోనే లెక్కలు తీశారు. 1964లో హాల్డేన్ భువనేశ్వర్‌లో పోయాక ఆయన దేహాన్ని, ఆయన కోరిక ప్రకారమే, విద్యార్థులు చదువుకోవడానికి కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి ఇచ్చేశారు. నాకు ఈ సంగతి తెలిసిన రోజు చాలాసేపు ఏడుపొచ్చింది. ఎందుకో చెప్తాను.

దేవుడి గూటి పక్కన చిన్న ఫొటో ఉంది కదా. ఎవరని చిన్నప్పుడు అడిగితే "మీ పెదనాన్న, పసితనంలోనే పోయాడు" అని మాట మార్చేసేదాన్ని. 1971లో పుట్టాడు. ఆరో నెల దాటేసరికి ఒళ్ళంతా పాలిపోయింది. పొట్ట ఒకవైపు గట్టిగా ఉబ్బింది. దిష్టి తీశాం, తాయెత్తు కట్టాం, మొక్కులు మొక్కాం. ఆఖరికి కాకినాడలో, హాల్డేన్ దేహం చేరిన ఆ ఊళ్ళోనే, ఒక డాక్టరుగారు తలసీమియా అన్నారు. అప్పట్నుంచి నెలనెలా బస్సులో కాకినాడ తీసుకెళ్ళి రక్తం ఎక్కించుకొచ్చేవాళ్ళం. ఎక్కించిన రోజు బుగ్గలు ఎర్రబడేవి, వీధిలో పరిగెత్తేవాడు. మూడో వారానికి మళ్ళీ నా ఒళ్ళోనే పడుకునేవాడు. 1975 కార్తీకమాసంలో పోయాడు. నాలుగేళ్ళు. నా కడుపు మంచిది కాదని నలుగురూ అన్నారు. నేనూ నమ్మాను.

ఆ డాక్టరుగారు మొదటిరోజే అడిగిన ప్రశ్న, "మేనరికమా అమ్మా?" అని. అవును. మీ తాతయ్య మా అమ్మకి స్వయానా తమ్ముడు. అంటే మా అత్తగారే నాకు అమ్మమ్మ. ఇప్పుడు చూడండి. చెడిన కాపీ ఒకటి ఆవిడలో ఉండి ఉంటుంది, లేదా తాతగారిలో. అది వాళ్ళ కొడుకైన మీ తాతయ్యకి నేరుగా వచ్చింది. కూతురైన మా అమ్మకి వెళ్ళి, అక్కణ్ణుంచి నాకు వచ్చింది. రెండు పాయలుగా చీలిన ఏరు మళ్ళీ ఒకచోట కలిసినట్టు నా బిడ్డలో కలిసింది. ఎవరి కడుపూ చెడ్డది కాదు. ఎవరి పాపమూ కాదు.

మన వరసలు చాలా అందమైనవి తల్లీ. పెదనాన్న పిల్లలు, చిన్నాన్న పిల్లలు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు. మేనమామ పిల్లలు, మేనత్త పిల్లలు బావామరదళ్ళు. కానీ రక్తానికి ఈ వరసలు తెలియవు. చిన్నాన్న కొడుకుతో నీకు ఎంత రక్తం కలుస్తుందో మేనత్త కొడుకుతోనూ అంతే, ఎనిమిదో వంతు. మేనమామతో అయితే నాలుగో వంతు. అలాగని మేనరికం చేసుకున్న ప్రతి ఇంట్లో జబ్బు పిల్లలు పుడతారని కాదు. మామూలు పెళ్ళిళ్ళలో పుట్టే పిల్లల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి పుట్టుకతో ఏదో ఒక పెద్ద లోపం ఉంటే, బావామరదళ్ళ పెళ్ళిళ్ళలో అది సుమారు నలుగురి నుంచి ఆరుగురికి పెరుగుతుంది. మిగతావాళ్ళు బాగానే ఉంటారు. మా అన్నదమ్ముల్లో మేనరికాలే ఎక్కువ, అందరి పిల్లలూ చక్కగా ఉన్నారు. మాకే తగిలింది.

ఇక కొండల్లో పెళ్ళిళ్ళ గురించి మీ హాస్టల్ అమ్మాయి అన్న మాట. మన రాష్ట్రంలో ఈరోజుకీ పెళ్ళిళ్ళలో సుమారు నాలుగో వంతు దగ్గరి బంధువుల మధ్యే జరుగుతున్నాయి. కొండరెడ్లనే గిరిజనుల్లో కూడా, మనలాగే, ఇంటిపేరు ఒకటైతే పిల్లనివ్వరు. అడవుల్లో వేటాడి, దుంపలు తవ్వుకుని బతికే 32 సమాజాలను పరిశీలిస్తే, ఒక గుంపులో కలిసి ఉండేవాళ్ళలో ఎక్కువమంది అసలు దగ్గరి రక్తబంధువులే కారని 2011లో తేలింది. గుంపులు మారుతూ, కలుస్తూ, దూరాన పిల్లనిచ్చి పుచ్చుకుంటూ ఉంటారు వాళ్ళు. ఆ అమ్మాయి మాటలో నిజం ఒకటుంది, చిన్న సమాజంలో కొద్దిమంది పూర్వీకుల జన్యువులే తిరిగి తిరిగి కలుస్తాయి. అయితే అది కొండలకే పరిమితం కాదు. జన్యువుల మీద పనిచేసే హైదరాబాద్ సీసీఎంబీ సంస్థ వాళ్ళు కూడా పాలుపంచుకున్న పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. దక్షిణాసియాలో పరీక్షించిన 260కి పైగా వర్గాల్లో 81 అలాగే కొద్దిమంది నుంచి పెరిగినవని తేల్చారు. కులంలోనే పెళ్ళి అనే మనమూ చిన్న సమాజాలమే. మన ఊరు పెద్దది కావచ్చు, సంబంధాలు చూసే వలయం చిన్నదే.

జబ్బులు మాత్రమే చెప్పి ఊరుకుంటే ఆ కొండలకి అన్యాయం చేసినదాన్నవుతాను. నేనున్న చోట పసిబిడ్డని నేల మీద పెట్టడం తక్కువ. తల్లి పోడుకి వెళ్తే అమ్మమ్మో, మేనత్తో, పదేళ్ళ అక్కో చంకనేసుకునేవాళ్ళు. వానాకాలం గింజలు అయిపోతే మామిడి టెంకల్లో జీడి తీసి, కడిగి కడిగి వగరు పోగొట్టి అంబలి కాచేవాళ్ళు, ఆ పని ముసలమ్మలదే. టాంజానియాలో హడ్జా అనే జనం ఉన్నారు. అక్కడ తల్లికి కొత్తగా బిడ్డ పుట్టినప్పుడు, పాలు మానిన పెద్దబిడ్డ ఎంత ఎదుగుతుందన్నది అమ్మమ్మ ఎన్ని దుంపలు తవ్వి తెస్తుందన్న దాని మీద ఆధారపడి ఉందని క్రిస్టిన్ హాక్స్ అనే ఆవిడ బృందం గమనించింది. కానుపుల వయసు దాటిన ఆడవాళ్ళు అన్నేళ్ళు ఎందుకు బతుకుతారన్నదానికి అదే కారణం కావచ్చని ఆవిడ వాదన. బాలింతగా ఉన్న మీ అమ్మ పక్కన కూర్చుని మీకు నలుగు పెట్టిన రోజులు తలుచుకుని అది రెండుసార్లు చదివాను.

చిన్నోడా, నువ్వు కూడా పోయినసారి "అడవిలో వాళ్ళకి షుగరు, బీపీ ఉండవట కదా" అన్నావు. బొలీవియాలో సిమానే అనే జనం ఏటి ఒడ్డునే ఉంటారు. వరి, అరటి, కర్రపెండలం, చేపలు వాళ్ళ తిండి, అచ్చం మన కోనసీమలాగే. 2017లో 705 మందికి స్కాన్ చేస్తే నూటికి 85 మంది గుండె నాళాల్లో సున్నం పేరుకున్న జాడే లేదు. మగవాళ్ళు రోజుకి ఆరేడు గంటలు ఒళ్ళు వంచి పనిచేస్తారు. ఇది చదివి అడవి బతుకే స్వర్గం అనుకోకు. వేట, సేకరణతో బతికే సమాజాల లెక్కలన్నీ చూస్తే, పుట్టిన నూరుమందిలో పదిహేనేళ్ళు నిండేది సుమారు 57 మంది. పెద్దయినవాళ్ళలో మాత్రం చావులు అన్నిటికంటే ఎక్కువగా కనిపించే వయసు డెబ్బై దగ్గర్లో ఉంటుంది. విరేచనాలు, జ్వరాలు, దగ్గు, ఇవే పిల్లల్ని తీసుకుపోయేవి. అక్కడ కావలసింది టీకా, మంచినీళ్ళు, వాగు దాటడానికి వంతెన. నేను భుజాన టీకాల పెట్టె మోసుకుని నడిచాను కాబట్టి చెప్తున్నాను.

ఇక మీ ఇద్దరి సంగతి. మీ నాన్నకి పెళ్ళికి ముందే రక్తపరీక్ష చేయించాను. వాడు తలసీమియా వాహకుడు. మా తమ్ముడి కూతుర్ని ఇస్తామంటే నేను వద్దన్నాను. ఆ పిల్లా అదే అమ్మమ్మ వంశం. తమ్ముడు ఆరేళ్ళు మా గడప తొక్కలేదు. మీ అమ్మకి పరీక్షలో ఏమీ లేదని తేలింది, కాబట్టి మీకు జబ్బు రాలేదు. వాహకులు అయ్యే అవకాశం మాత్రం సగానికి సగం. ఈ సెలవుల్లో ఇద్దరికీ చేయిద్దాం. ఒక్కసారి చేయించుకుంటే జీవితమంతా సరిపోతుంది. తలసీమియా వాహకులు సికిల్ వాహకుల్ని పెళ్ళి చేసుకున్నా బిడ్డకి జబ్బు రావచ్చు, ఇదీ గుర్తుంచుకోండి. 2023 జులై నుంచి ప్రభుత్వం సికిల్ సెల్ మిషన్ కింద గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ళలోపు వాళ్ళందరికీ పరీక్ష చేసి కార్డులిస్తోంది. అలాంటిది పల్లంలో కూడా ఉంటే ఎంత బాగుండును.

బుజ్జమ్మా, నీ స్నేహితురాలు నీళ్ళు ఎక్కువ తాగాలి. మూత్రానికీ ఎక్కువసార్లు వెళ్ళాల్సి వస్తుంది, క్లాసులో ఆపవద్దని మేడమ్‌కి నువ్వే చెప్పు. చల్లటి నీళ్ళతో స్నానం వద్దు. జ్వరం వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. నొప్పి అంటే నాటకం అనుకోవద్దు, ఎముకల్లోంచి వచ్చే నొప్పి అది. డాక్టరు హైడ్రాక్సీ యూరియా అనే మందు రాసి ఉంటే రోజూ వేసుకుంటోందో లేదో కనిపెట్టి చూడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు తననీ తీసుకురా. వాళ్ళమ్మగారితో నేను మాట్లాడతాను. భోగి తెల్లవారుజామున ఏటిగట్టు మీద చలి గట్టిగా ఉంటుంది కదా, బీరువాలోంచి నా పాత ఉన్ని శాలువా తీసి ఎండలో వేశాను.

మీ మామ్మ