‘ఒక వర్గం’ అన్న మాట వెనక

తెలుగు దినపత్రిక చదివే అలవాటున్న ఎవరికైనా ఈ వాక్యం కొత్త కాదు: ‘ఊరేగింపు సందర్భంగా రెండు వర్గాల మధ్య ఘర్షణ జరిగింది. పోలీసులు పికెట్ ఏర్పాటు చేశారు.’ ఏ రెండు వర్గాలో రాయరు. రాయకపోయినా చదివేవాడికి తెలిసిపోతుంది. ఊరేగింపు ఏ పండగదో, ఏ వీధిలో రాళ్లు పడ్డాయో చెబితే చాలు, మిగతాది పాఠకుడే పూరించుకుంటాడు. అందరికీ తెలిసిన విషయాన్ని దాచినట్టు నటించే ఈ పద్ధతి చాలామందికి నవ్వు తెప్పించేది. అయినా అది దశాబ్దాలు నిలబడింది. ఇప్పుడు అదే ఘటన ఫోన్‌లో కనబడే తీరు వేరు. మతం పేరు హెడ్డింగ్‌లోనే ఉంటుంది, థంబ్‌నెయిల్ మీద ఎర్ర అక్షరాల్లో ఇంకోసారి ఉంటుంది, లోపల వార్త ఉంటే ఉంటుంది.

‘వర్గం’ అన్న ముసుగు ఎక్కణ్ణుంచి వచ్చింది, ఎలా జారిపోయింది అన్నది చూస్తే ఆన్‌లైన్ వార్తల గొడవ సగం అర్థమవుతుంది.

మొదట చట్టం వచ్చింది, నీతి తర్వాత వచ్చింది. వర్గాల మధ్య శత్రుత్వం రెచ్చగొట్టడాన్ని నేరం చేస్తూ 153ఏ సెక్షన్‌ను ఆంగ్ల ప్రభుత్వం 1898లో పీనల్ కోడ్‌లో చేర్చింది. దాని అసలు గురి మతకలహాల కన్నా తమ మీద జరిగే రాతలు అన్న అనుమానం అప్పుడూ ఉంది. తర్వాత 1920లలో లాహోర్‌లో ఇస్లాం ప్రవక్త మీద వచ్చిన ఒక కరపత్రం వివాదమైంది. 1927లో లాహోర్ హైకోర్టు దాని ప్రచురణకర్తను విడుదల చేసింది. చనిపోయిన మతపురుషుడిపై రాత 153ఏ కిందికి రాదన్నది ఆ తీర్పు. ఊళ్లలో అలజడి రేగింది. అదే ఏడాది 295ఏ పుట్టింది: మత విశ్వాసాలను దురుద్దేశంతో, కావాలని అవమానిస్తే శిక్ష. రెండేళ్లకు ఆ ప్రచురణకర్తను ఒక యువకుడు పొడిచి చంపాడు. ఈ రెండు సెక్షన్లూ ఇప్పటికీ బతికే ఉన్నాయి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 196, 299 అనే కొత్త నంబర్లతో.

పత్రికల తప్పును చట్టం కన్నా సూటిగా పట్టుకున్నది ఇరవై ఏళ్ల కుర్రాడు. 1928 జూన్‌లో ‘కీర్తి’ పత్రికలో భగత్ సింగ్ మతకలహాల మీద ఒక వ్యాసం రాశాడు. ఒకప్పుడు గౌరవంగా చూసిన పత్రికా వృత్తి ఇప్పుడు మురికి పట్టిందనీ, ఉద్రేకపు శీర్షికలు పెట్టి జనాన్ని కొట్టుకునేలా చేస్తున్నదనీ అందులో నిందించాడు. అతను నింద వేసింది శీర్షిక మీద. అది గుర్తుంచుకోవాల్సిన సంగతి, మళ్లీ దాని దగ్గరికే వస్తాం. భగత్ సింగ్ అంతకుముందు కాన్పూరులో గణేశ్ శంకర్ విద్యార్థి నడిపిన ‘ప్రతాప్’ పత్రికలో మారుపేరుతో పనిచేశాడు. 1931 మార్చి 23న భగత్ సింగ్‌ను ఉరితీశారు. ఆ వెంటనే కాన్పూరులో అల్లర్లు చెలరేగాయి. వాటిలో చిక్కుకున్న జనాన్ని కాపాడబోయి మార్చి 25న విద్యార్థి ప్రాణాలు పోగొట్టుకున్నాడు. సంపాదకుడి ఉద్యోగంలో అది కూడా ఒక భాగమని అనుకున్న కాలం అది.

స్వాతంత్ర్యం వచ్చాక 1952లో వేసిన మొదటి ప్రెస్ కమిషన్ పత్రికలకు తమదైన ఒక మండలి ఉండాలని సూచించింది. 1965 చట్టంతో ఏర్పడ్డ ప్రెస్ కౌన్సిల్ 1966 నవంబరు 16న పని మొదలుపెట్టింది. మూడేళ్లకే, 1969లో, మతఘర్షణల వార్తలు ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. ఎమర్జెన్సీలో కౌన్సిల్‌నే ఎత్తేశారు, 1978 చట్టంతో మళ్లీ తెచ్చారు. ఆ నియమావళి సారం ఇది: నిర్ధారించుకోకుండా రాయొద్దు, కులమతాల ప్రస్తావన ఆ సముదాయాన్ని కించపరిచేలా ఉంటే వదిలేయాలి, హెడ్డింగ్ కింద రాసిన విషయానికి సరిపోవాలి, ఎవరో చేసిన ఆరోపణను హెడ్డింగ్‌గా పెడితే ఎవరు చేశారో చెప్పాలి లేదా కనీసం కొటేషన్ గుర్తులైనా ఉండాలి. ఇన్ని చెప్పిన కౌన్సిల్ చేతిలో ఉన్నది హెచ్చరించడం, మందలించడం, అభిశంసించడం. అంతే. జరిమానా లేదు, లైసెన్సు రద్దు లేదు.

మరి ‘వర్గం’ అన్న ఆచారం అంతకాలం ఎలా నిలిచింది? కౌన్సిల్ భయంతో కాదు. నా లెక్కలో కారణాలు రెండు. ఒకటి, వ్యవధి. విలేకరి సాయంత్రం పంపిన వార్త డెస్కులో సబ్ ఎడిటర్ చేతిలో పడి, అచ్చుకెళ్లి, తెల్లారి ఊరికి చేరేసరికి కొన్ని గంటలు గడిచేవి. పుకారు సగం ఆ గంటల్లోనే చచ్చిపోయేది. రెండోది, చిరునామా. ముద్రాపకుడి, ప్రచురణకర్త పేర్లు పత్రిక మీద అచ్చు కావాల్సిందేనని 1867 చట్టం నిబంధన పెట్టింది. చివరి పేజీ అడుగున ఎవరూ చదవని ఆ చిన్న అక్షరాల వరుస, కేసు వేయాలనుకున్నవాడికి పక్కాగా పనికొచ్చేది.

అచ్చు యుగమంతా సత్యకాలం అనుకుంటే పొరపాటే. 1990 అక్టోబరు, నవంబరుల్లో అయోధ్యలో కరసేవకుల మీద జరిగిన పోలీసు కాల్పుల వార్తల్లో కొన్ని హిందీ దినపత్రికలు మృతుల సంఖ్యను ఎంతగా పెంచేశాయంటే, చివరికి కౌన్సిల్ విచారణ జరిపి వాటిని అభిశంసించింది. డిసెంబరులో అలీగఢ్ కథ ఇంకా దారుణం. యూనివర్సిటీ మెడికల్ కాలేజీ ఆస్పత్రిలో రోగుల్ని మతం చూసి చంపేశారని వార్త వచ్చింది. అది అబద్ధమని తేలింది. మనం ఇప్పుడు ‘ఫేక్ న్యూస్’ అంటున్నది వాట్సాప్‌తో పుట్టిందని నమ్మేవాళ్లకు ఆ రెండు ఘటనలూ చూపించాలి. పేరున్న పత్రికలు, చిరునామా ఉన్న పత్రికలు, సబ్ ఎడిటర్లున్న పత్రికలు చేసిన పనులవి. 1991లో, బాబ్రీ కూల్చివేత తర్వాత 1993లో, కౌన్సిల్ మళ్లీ మార్గదర్శకాలు ఇచ్చింది.

2002 గుజరాత్ అల్లర్లప్పుడు వాదం అటునుంచి వచ్చింది. ఇరవై నాలుగు గంటల టీవీ కొత్తగా వేళ్లూనుతున్న రోజులు. దాడి ఎవరు చేశారో, ఎవరు చనిపోయారో కొందరు విలేకరులు పేరు పెట్టి చెప్పారు. మంటల్ని ఎగదోశారని వాళ్లను తిట్టినవాళ్లున్నారు. సంపాదకుల సంఘమైన ఎడిటర్స్ గిల్డ్ ముగ్గురు సభ్యుల బృందాన్ని పంపి మీడియా పాత్రను పరిశీలించింది. పేరు చెప్పాలన్నవాళ్ల వాదన తోసిపుచ్చలేనిది: ఒకవైపే జనం చస్తున్నప్పుడు ‘రెండు వర్గాల ఘర్షణ’ అని రాస్తే, కొట్టినవాడినీ దెబ్బలు తిన్నవాడినీ ఒకే గాట కట్టినట్టు. నిజమే. ‘వర్గం’ అన్న మాట పాఠకుడిని కాపాడినంతగా నేరస్తుడినీ కాపాడింది. అందుకే అసలు ప్రశ్న మతం పేరు రాయాలా వద్దా అన్నది కాదనిపిస్తుంది. జరిగిన నేరానికీ ఆ మతానికీ సంబంధం ఉందా అన్నది. మతం కారణంగానే ఒకరి మీద దాడి జరిగితే ఆ సంగతి దాచడం అబద్ధం. దొంగతనం చేసినవాడికి ఫలానా మతం ఉందని చెప్పడం వేరే పని.

ఆ తేడాను ఇంటర్నెట్ చెరిపేసింది, అదీ ఒక్కసారిగా కాదు. 2012 ఆగస్టులో ఎస్సెమ్మెస్‌ల పుకార్లకు భయపడి ఈశాన్య రాష్ట్రాల వాళ్లు వేల సంఖ్యలో బెంగళూరు వదిలి రైలెక్కారు. ప్రభుత్వం కొన్నాళ్లు రోజుకు ఐదు మెసేజీలే అని పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్‌లో, పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్‌లో 2010లో ఇద్దరు అన్నదమ్ముల్ని కొట్టి చంపిన వీడియో ‘మన దగ్గర జరిగింది’గా తిరిగింది. అల్లర్లలో అరవైమందికి పైగా చనిపోయారు. అప్పటికింకా పుకారు ఒక దారి, వార్త ఒక దారి. తర్వాతి ఏళ్లలో రెండూ కలిసిపోయాయి. వైరల్ అయినదే వార్త అయింది.

2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దిశ ఘటన మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిందితులు నలుగురు. పేర్లు బయటికొచ్చాక ఆన్‌లైన్‌లో ఊరేగింది ఒక్క పేరే. నలుగురిలో ముస్లిం అతనొక్కడే కాబట్టి. మిగతా ముగ్గురూ హిందువులన్న సంగతి ఆ పోస్టుల్లో కనబడలేదు. ఆ హ్యాష్‌ట్యాగ్‌లో ప్రతి అక్షరం నిజమే, పేరు నిజమే, నిందితుడన్నదీ నిజమే. ముగ్గుర్ని వదిలేయడంలో ఉంది అబద్ధం. ఏది తప్పో వేలు పెట్టి చూపించలేని అబద్ధం ఇది, ఖండన రాసేవాడికి పట్టు దొరకదు.

2020 ఏప్రిల్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో ఇద్దరు సాధువుల్ని, వాళ్ల డ్రైవర్‌ని గుంపు కొట్టి చంపింది. దొంగలొచ్చారు, పిల్లల్ని ఎత్తుకెళ్తున్నారు అని వాట్సాప్‌లో తిరిగిన పుకారు దాని వెనక ఉంది. కానీ చంపింది ముస్లింలే అన్న ప్రచారం ఎంత బలపడిందంటే, అరెస్టయిన 101 మంది పేర్ల జాబితాను రాష్ట్ర హోంమంత్రే బయటపెట్టి, అందులో ఒక్క ముస్లిం కూడా లేడని చెప్పాల్సి వచ్చింది. నిందితుల మతం చెప్పకూడదన్న ఆచారం ఎంత తలకిందులైందో చూడండి. శాంతి కోసం దాచిన వివరాన్ని శాంతి కోసమే ప్రభుత్వం ప్రకటించింది.

అదే కాలంలో ఢిల్లీ నిజాముద్దీన్‌లో ముస్లిం మతప్రచార సంస్థ తబ్లీగీ జమాత్ సమావేశానికి వచ్చినవాళ్లలో కరోనా బయటపడింది. జనం గుమిగూడడం మీద ప్రశ్నలు వేయడం విలేకరి పనే. వచ్చిన వార్తలు ఆ ప్రశ్న దగ్గర ఆగలేదు. రోగానికి మతం అంటగట్టి, దాని పక్కన ‘జిహాద్’ చేర్చి టీవీ నడిపింది, వెబ్‌సైట్లు ముక్కలు చేసి పంచాయి. ఏ వర్గాన్నీ రోగంతో ముడిపెట్టొద్దని కేంద్ర ఆరోగ్య శాఖ సూచన ఇవ్వాల్సి వచ్చింది. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్ విదేశీ సభ్యుల మీద కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువుల్ని చేసినట్టుందని వ్యాఖ్యానించింది, మీడియా ప్రచారాన్నీ తప్పుపట్టింది. 2021 జూన్‌లో టీవీ ఛానళ్ల స్వీయ నియంత్రణ సంస్థ రెండు కన్నడ ఛానళ్లకు జరిమానా వేసింది. పెద్దది లక్ష రూపాయలు. అప్పటికి ఆ సంస్థ విధించగల గరిష్ఠం కూడా అంతే. 2008 నాటి ఆ లక్ష ఇప్పుడు ఎవర్ని ఆపుతుందని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు అడిగింది. సమావేశానికి వచ్చినవాళ్లకు ఆశ్రయమిచ్చారన్న 70 మంది భారతీయుల మీద కేసుల్ని ఢిల్లీ హైకోర్టు 2025 జూలైలో గానీ కొట్టేయలేదు. ఆన్‌లైన్‌లో తీర్పు రావడానికి ఒక పూట పట్టింది, కోర్టులో ఐదేళ్లు.

ఆ తబ్లీగీ వార్తల మీద వేసిన పిటిషన్ 2021 సెప్టెంబరులో విచారణకు వచ్చినప్పుడు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ, కొన్ని మీడియా సంస్థలు ప్రతిదాన్నీ మతకోణంలో చూపిస్తున్నాయనీ, వెబ్ పోర్టళ్లకూ యూట్యూబ్ ఛానళ్లకూ జవాబుదారీతనం లేదనీ అన్నారు.

నియంత్రణ కథలో విడ్డూరమైన మలుపు 2020 సెప్టెంబరులో వచ్చింది. సివిల్ సర్వీసుల్లోకి ముస్లింలు ‘చొరబడుతున్నారు’ అంటూ ఒక టీవీ ఛానల్ మొదలుపెట్టిన కార్యక్రమాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది. అప్పుడు కేంద్రం చెప్పిందేమిటంటే, మార్గదర్శకాలు పెట్టదలిస్తే ముందు డిజిటల్ మీడియాకు పెట్టాలి అని. కోర్టు ముందున్నది టీవీ కార్యక్రమం! నవంబరులో ఆన్‌లైన్ వార్తలు సమాచార ప్రసార శాఖ పరిధిలోకి వచ్చాయి. 2021 ఫిబ్రవరి 25న ఐటీ రూల్స్ వచ్చాయి. ప్రెస్ కౌన్సిల్ నియమావళినీ, టీవీ ప్రోగ్రామ్ కోడ్‌నూ వెబ్ వార్తలకు వర్తింపజేసి, పైన మూడో అంచెగా ప్రభుత్వాన్ని కూర్చోబెట్టారు. సలహాగా పుట్టిన నీతి ఆ కలంపోటుతో ఆజ్ఞ అయింది. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ కీలక భాగం మీద స్టే ఇచ్చింది. మంత్రి తప్పును రాసే వెబ్‌సైట్‌కు మంత్రిత్వ శాఖే న్యాయనిర్ణేత అయితే ముందు నోరు మూతపడేది ద్వేషం అమ్ముకునేవాడిది కాదు, ప్రశ్న వేసేవాడిది. ఆ భయం ఉత్తిది కాదు. 1867 చట్టం స్థానంలో 2023లో వచ్చిన కొత్త పత్రికల చట్టం 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉంది. డిజిటల్ వార్తలు దాని పరిధిలో లేవు.

2023 జూన్ 2న ఒడిశాలో బాలాసోర్ దగ్గర రైళ్లు ఢీకొన్నప్పుడు, పట్టాల పక్కన కనబడిన తెల్లటి కట్టడం మసీదని, ఆ రోజు శుక్రవారమని రెండు సంగతులు కలిపి ఒక ఫొటో తిరిగింది. అది ఇస్కాన్ గుడి. రైల్వే విచారణ సిగ్నల్ వ్యవస్థ వైపు నడిచింది. భగత్ సింగ్ తిట్టిన శీర్షికకు కింద ఒక వార్తయినా ఉండేది. ఈ ఫొటోకు కింద ఏమీ లేదు, అడుగున ముద్రాపకుడి పేరూ లేదు. 2021 రూల్స్ ప్రకారం ఫిర్యాదుల అధికారి పేరు, చిరునామా సైట్‌లో పెట్టాలి, పదిహేను రోజుల్లో జవాబివ్వాలి. ఏ వార్తా ఛానల్ యూట్యూబ్ పేజీనైనా తెరిచి ఆ వివరాలు వెతికి చూడండి. చాలాచోట్ల దొరికేది ప్రకటనల కోసం ఇచ్చిన ఫోన్ నంబరు.