గన్ బెల్టుకు ఎంత నూనె పెట్టాలి? అపోహలు - వాస్తవాలు

మొన్న సోమవారం ఒక బ్యాంకు గార్డు అన్న తన పన్నెండు బోర్ గన్ బెల్టు, అంటే గన్‌ను భుజానికి తగిలించుకునే తోలు పట్టీ, తెచ్చి మా బల్ల మీద పెట్టాడు. తీసి చూస్తే కింద నూనె మరక. "తమ్మీ, నెలకు రెండుసార్లు ఆముదం పట్టిస్తున్నా. అయినా ఇంత సాగింది. ఇది నకిలీ తోలా?" అని అడిగాడు. పాపం, కొత్తది కొనాలంటే జీతంలోంచి పోతుందని ఆయన టెన్షన్. తోలు నకిలీది కాదు, మంచి గేదె తోలు. దాన్ని పాడుచేసింది ఆ ఆముదమే. ఈ వానాకాలంలో ఇలా నూనె కారుతూ వచ్చిన బెల్టుల్లో అది నాలుగోది.

అపోహ: తోలు ఎంత నూనె తాగితే అంత కాలం బతుకుతుంది.

వాస్తవం: ముప్పై ఏళ్లుగా తోలు పని చేస్తున్నాను. ఇన్ని బెల్టులను చెడగొట్టిన మాట ఇంకోటి నేను వినలేదు. ఊళ్లో కొత్త చెప్పులకు ఆముదం పట్టించే అలవాటు నుంచి వచ్చిందిది. చెప్పు మెత్తబడి కాలికి తగ్గట్టు సాగాలి కాబట్టి అక్కడ అది సరే. గన్ బెల్టు సాగితే ఎలా? మూడు కిలోల పైన బరువు డ్యూటీ అంతా దాని మీదే వేలాడుతుంది. తోలంటే అల్లుకుని ఉన్న పీచు. కాస్త నూనె ఉంటే ఆ పీచు విరగకుండా వంగుతుంది. ఎక్కువైతే ఒకదాని మీద ఒకటి జారుతుంది. ముందు బకిల్ రంధ్రాలు కోలగా అవుతాయి, తర్వాత ఒక రంధ్రం నుంచి పక్క రంధ్రానికి చిరుగు పాకుతుంది. నూనెకు అంటిన దుమ్ము కుట్టు దారాన్ని గరుకు కాగితంలా అరగదీస్తుంది. ఇత్తడి బకిల్ దగ్గర పచ్చగా మైనంలా పేరుకునేది చూశారా? ఆ నూనె ఇత్తడిలోని రాగితో కలిసి పట్టిన చిలుమే అది.

నాన్న ఉన్న రోజుల్లో ఒకాయన ఇలాగే నానిన బెల్టు తెచ్చాడు. దారం పోయింది, వాడొద్దని నాన్న చెప్పినా, ఒక్క వారం ఆగి ఇస్తానంటూ తీసుకెళ్లాడు. నాలుగో రోజు మెట్లు దిగుతుంటే కుట్టు విడిపోయి గన్ కింద పడింది. అదృష్టం కొద్దీ అందులో తూటాలు లేవు. కట్టె బట్ మాత్రం నిలువునా పగిలింది. ఆ రిపేరు డబ్బు ఏజెన్సీ వాళ్లు ఆయన జీతంలోంచే కోశారు. అప్పటి నుంచి నూనె కారే బెల్టు వస్తే ముందు కుట్టు లాగి చూడకుండా నేను ఎవరికీ తిరిగి ఇవ్వను.

మరి ఎంత పెట్టాలి? ఏడాదికి రెండుసార్లు, గుడ్డకు అంటించి, మొత్తం బెల్టుకు చిన్న చెంచాడు. అంతే. నీట్స్‌ఫుట్ ఆయిల్ (పశువుల కాళ్ల ఎముకల నుంచి తీసే నూనె) దొరికితే మంచిది. బెల్టును వేలి చుట్టూ వంచి వదలండి. తేలిగ్గా వంగి మళ్లీ లేచి నిలబడితే ఆ ఏడాది అసలు పెట్టకండి. గన్ ఆయిల్ ఇనుముకే, తోలుకు ఎప్పుడూ వద్దు. ఇప్పటికే నూనె ఎక్కువైందా? సుద్దపొడి చల్లి, న్యూస్ పేపర్లో చుట్టి రెండు మూడు రోజులు ఉంచండి. పైపైన ఉన్నది పీల్చేస్తుంది. సాగిన తోలు మాత్రం వెనక్కి రాదు.

రెండో అపోహ, తడిస్తే వెంటనే ఎండలో వేయాలనేది. తడిసిన వెజ్ టాన్ తోలు (చెట్టు చెక్క రసంలో నానబెట్టి ఊనినది, అంటే శుద్ధి చేసినది) 70, 80 డిగ్రీల వేడి తగిలితే ముడుచుకుపోతుంది, ఇక మళ్లీ సాపు కాదు. హీటర్, ఇస్త్రీపెట్టె దగ్గరకే తీసుకెళ్లొద్దు. ఎండలో పీచు బిగుసుకుని పెళుసెక్కుతుంది. గుడ్డతో ఒత్తి, ఫ్యాను కింద నీడలో ఆరనివ్వండి. ఒక రోజు పట్టినా ఫర్వాలేదు.

కొనేటప్పుడు దళసరి చూసి మోసపోకండి. మూడు నాలుగు మిల్లీమీటర్ల వీపు తోలు చాలు. పొట్ట భాగం తోలు ఎంత మందంగా ఉన్నా సాగుతుంది. కోసిన అంచు చూడండి. లోపల నీలంగానో బూడిద రంగుగానో ఉంటే క్రోమ్ తోలు, అంటే క్రోమియం ఉప్పుతో ఊనినది. అది బ్యాగులకు మంచిది, బరువు మోసే బెల్టుకు సాగుతుంది. లందలో (తోలు నానబెట్టే తొట్టిలో) తంగేడు చెక్కతో ఊనిన వెజ్ టాన్ తోలు అంచు గోధుమ రంగులో ఉంటుంది. స్వివెల్ (బెల్టును గన్‌కు తగిలించే రింగు) 1 అంగుళానిదైతే 1¼ అంగుళం బెల్టు ఇరికించకండి, అంచులు నలిగి అక్కడే తెగుతుంది.

బూజు పడితే నకిలీ తోలన్న పుకారు నమ్మకండి. అసలు తోలుకూ బూజు పడుతుంది. పొడి గుడ్డతో బయట తుడిచి, గాలికి ఆరేస్తే చాలు. పాత మిలటరీ బెల్టు గట్టిదని కొనేవాళ్లు మాత్రం ముందు వేలితో రుద్దండి. ఎర్రటి పొడి రాలితే లోపలి పీచే చనిపోయింది. ఏ నూనే దాన్ని బతికించదు. ఇక వంచినప్పుడు సన్నటి గీతలు కనిపించి, వదిలితే మాయమైతే అవి మడతలే, భయపడకండి. వదిలాక కూడా గోరు దిగితేనే పగులు.

ఇంకో మాట. బెల్టు విప్పే ముందు గన్ ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసుకోండి. ఎన్నికల కోడ్ వచ్చి గన్ స్టేషన్‌లో డిపాజిట్ చేసేవాళ్లు బెల్టు విప్పి ఇంట్లోనే ఉంచుకోండి. నెలల తరబడి గన్‌కు చుట్టి ఉంటే తోలులోని తడికి ఇనుము తుప్పు పడుతుంది, తోలు బూజు పడుతుంది. పాలిథిన్ కవర్లో కట్టకుండా, పాత నూలు పంచె ముక్కలో వదులుగా చుట్టి గాలి ఆడే అల్మరాలో పెట్టండి.