గద్దించడానికి మైకు ఎందుకండీ?

మొన్న నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వెళ్తున్నాను. నన్ను గుర్తుపట్టిన ఒకాయన పక్కకొచ్చి "వందనాలండి అయ్యగారూ" అని, జేబులోంచి ఫోన్ తీసి చూపించాడు. కువైట్‌లో ఉన్న బావమరిది పంపించాడట. ఏదో విదేశీ గుడిలో ఇద్దరు మగవాళ్ళు తెల్ల అంగీలతో బల్ల దగ్గర నిలబడ్డ ఫోటో. కింద ఎర్ర అక్షరాలతో "కడవరి దినములు" అని ఉంది.

"మగాళ్ళతో కాపురముండే మగాళ్ళు పాస్టర్లుగా ఉండొచ్చని మన లూథరన్ సంఘం కూడా ఒప్పేసుకుందంట కదండీ?" అన్నాడు.

అమెరికా వాళ్ళ ఓటు ఇక్కడ చెల్లదయ్యా అన్నాను. కాసేపు గోదారి కేసి చూసి, గొంతు తగ్గించి అసలు సంగతి బయటపెట్టాడు. "మా కొత్త అయ్యగారు కూడా ఆ బాపతేనంటన్నారండి. ముప్పై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి చేసుకోలేదు. ఈ ఆదివారం గుళ్ళోనే నిలబెట్టి అడిగేద్దామంటన్నారండి పెద్దలు."

నేను పాస్టరు పరిచర్యలోంచి రిటైరై నాలుగేళ్ళయింది. తగువులు తీర్చమని మాత్రం సంఘాలు ఇంకా పిలుస్తూనే ఉంటాయి. ఈ వరస ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మొదట అమెరికా మాట, ఆ వెంటనే పక్కవీధి మాట. ఎక్కడో జరిగిన వార్త వచ్చి వచ్చి ఇక్కడ ఒంటరిగా వండుకు తినే ఒక మనిషి మెడకి చుట్టుకుంటుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను.

అపోహ: అమెరికా సంఘం ఒప్పుకుంటే మనమూ ఒప్పుకున్నట్టే.

కాదు. 1842లో అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చారు. ఆ వేరు నుంచే మన ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం 1927లో సొంతకాళ్ళ మీద నిలబడింది. అమెరికాలోని పెద్ద లూథరన్ సంఘం ఈ.ఎల్.సి.ఎ. 2009 ఆగస్టులో మినియాపొలిస్‌లో కూర్చుని, స్వలింగ భాగస్వామితో నమ్మకంగా జీవితం పంచుకునేవారు కూడా పాస్టర్లుగా ఉండొచ్చని తీర్మానించింది. అనుకూలం 559, వ్యతిరేకం 451. మినియాపొలిస్‌లో చెయ్యెత్తితే గుంటూరులో తీర్మానం అయిపోదు. ఇథియోపియాలోని మెకానె యేసుస్ లూథరన్ సంఘం ఈ విషయం మీదే 2013లో అమెరికా సంఘంతోనూ స్వీడన్ సంఘంతోనూ సహవాసం తెంచుకుంది. ఎవరి నిర్ణయం వారిదే కాబట్టే అది సాధ్యమైంది. సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) వాళ్ళకీ ఇదే మాట. 2003లో అమెరికాలోని న్యూ హ్యాంప్‌షైర్‌లో, మగవాడితో జీవితం పంచుకుంటున్నానని దాచకుండా చెప్పిన జీన్ రాబిన్‌సన్ బిషప్పయితే మన సి.ఎస్.ఐ. దోర్నకల్‌కి ఆయనేమీ బిషప్పు కాలేదు.

అపోహ: స్వలింగ సంబంధాన్ని నేరమన్న 377 సెక్షన్ తీసేశారు కాబట్టి ఇక సంఘాలు ఇలాంటివాళ్ళకి పాస్టర్లుగా అభిషేకం ఇచ్చి తీరాలి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు చెప్పింది ఒక్కటే. ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి ఏకాంతంలో ఉండటం నేరం కాదని. అది జైలు గురించిన తీర్పు, బలిపీఠం గురించి కాదు. ఇంతకు మించి దీని మీద రాయాల్సిందేమీ లేదు.

ఇక నా పక్షమేమిటని అడుగుతారు, దాచను. అభిషేకం విషయంలో నేను పాతవాళ్ళ వైపే. లేవీయకాండము 18, రోమా 1, మొదటి కొరింథీ 6 చదివాక ఇంకోవిధంగా చెప్పడానికి నాకు నోరు రాదు. సెమినరీలో నా గదిలోనే ఉన్న స్నేహితుడొకడు ఒప్పుకోడు. కొరింథీ పత్రికలో పౌలు వాడిన ఆ గ్రీకు మాట అంతకు ముందు ఎక్కడా కనబడదనీ, పౌలు కళ్ళముందున్నది యజమానులు బానిసల మీద చేసిన దౌర్జన్యమే గానీ ఇద్దరు సమానుల తోడు కాదనీ వాడి వాదన. దేవుడు నాశనం చేసిన సొదొమ పట్టణం పాపమేమిటో యెహెజ్కేలు 16:49 తీసి చదవమంటాడు. చదివితే గర్వం, తిండి పుష్టి, బీదవాళ్ళని ఆదుకోకపోవడం కనబడతాయి. ఆదికాండము 19లో ఆ ఊరి మగవాళ్ళు అతిథుల మీదకి వచ్చిన మాటేమిటని నేనంటాను. ముప్పై ఏళ్ళుగా తేలలేదు. సంక్రాంతికి వాడింటి నుంచి మాకు పాలతాలికలు వస్తూనే ఉన్నాయి. 2009లో ఆ అమెరికా సభే ఈ విషయం మీద తమలో నాలుగు రకాల మనస్సాక్షులున్నాయని కాగితం మీద రాసుకుంది. మనకి ఒకే ఒక్క గొంతు, అదీ లౌడ్‌స్పీకర్‌లోంచి.

అపోహ: గట్టిగా, అందరి ముందు గద్దించకపోతే పాపాన్ని సమర్థించినట్టే.

అసలు నష్టమంతా ఇక్కడే జరుగుతోంది.

"ఇతరులు భయపడునట్లు పాపము చేసినవారిని అందరియెదుట గద్దింపుము." మొదటి తిమోతి 5:20. ప్రతి పెద్దకీ ఇది కంఠతా వచ్చు. దాని పై వచనం అడగండి, తడుముకుంటారు. "ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే తప్ప పెద్దమీద దోషారోపణ అంగీకరింపకుము." ఇక్కడ పెద్ద అంటే మీ అయ్యగారే. పంతొమ్మిది దాటకుండా ఇరవైకి ఎలా వెళ్ళారండీ? "అనుకుంటన్నారండి" అనేది సాక్ష్యం కాదు. పెళ్ళి కాకపోవడమూ సాక్ష్యం కాదు. పౌలుకి పెళ్ళాం లేదు. మన సంఘానికి పేరిచ్చిన మార్టిన్ లూథర్‌గారికి పెళ్ళయ్యేనాటికి 41 ఏళ్ళు. ఆ లెక్కన మీ కొత్త అయ్యగారికి ఇంకా ఐదేళ్ళ గడువుంది.

మన తెలుగు బైబిల్లో ఇంకో చిక్కుంది. యేసు గాలిని, సముద్రాన్ని గద్దించాడని మత్తయి 8లో ఉంది. "నీవును అతడును ఒంటరిగానున్నప్పుడు అతనిని గద్దించుము" అని మత్తయి 18లో ఉంది. మనకి రెండూ ఒకే మాట. గ్రీకులో వేర్వేరు. తుపానుకి వాడింది నోరు మూయించే మాట, సహోదరుడికి వాడింది తప్పు ఎక్కడుందో చూపించే మాట. మనం సహోదరుడి మీద తుపాను గద్దింపు వాడుతున్నాం. రెండో తిమోతి 4:2లో ఖండించుము, గద్దించుము అన్న చోటే "సంపూర్ణమైన దీర్ఘశాంతముతో" అని కూడా ఉంది. ఆ రెండు మాటలూ మైకులో ఎప్పుడూ వినపడవు. యూదా పత్రికలో ప్రధానదూత మిఖాయేలు సాక్షాత్తూ సాతానుతో వాదించేటప్పుడే దూషించడానికి తెగించలేదట, "ప్రభువు నిన్ను గద్దించును గాక" అని ఊరుకున్నాడు. సాతానుకి దక్కిన మర్యాద మా అయ్యగార్లకి దక్కడం లేదు.

లూథరన్లమని చెప్పుకునేవాళ్ళం, కన్ఫర్మేషన్ క్లాసులో చిన్న కేటకిజం (లూథర్ రాసిన ప్రశ్నోత్తరాల పుస్తకం) బట్టీ పట్టినవాళ్ళం. ఎనిమిదో ఆజ్ఞకి (బాప్టిస్టు సోదరులకు అది తొమ్మిదోది) లూథర్ ఏం అర్థం చెప్పాడు? పొరుగువాడి గురించి అబద్ధమాడొద్దు, అతని పరువు తీయొద్దు, అతని తరఫున మాట్లాడి, అతని ప్రతి పనికీ మంచి అర్థమే చెప్పాలని. పెద్ద కేటకిజంలో ఇంకా విడమర్చాడు. పొరుగువాడు పాపం చేయడం నాకు తెలియవచ్చు, దాన్ని పదిమందికి చేరవేసే అధికారం మాత్రం నాకు లేదు. బహిరంగంగా చేసినదైతేనే బహిరంగ గద్దింపు. నిజమే, ఇంత చక్కగా రాసిన మనిషి నోరు మాత్రం మంచిది కాదు. 1543లో యూదుల మీద ఆయన రాసిన రాతలను 1994లో అమెరికా లూథరన్ సంఘమే తోసిపుచ్చవలసి వచ్చింది. గురువు దురుసుని వదిలేసి ఆయన పాఠం పట్టుకోవచ్చు కదా. మనం సరిగ్గా తిరగేసి చేస్తున్నాం.

ఇదంతా నాకు పుట్టుకతో తెలిసింది కాదు.

అభిషేకమై రెండేళ్ళయింది నాకప్పుడు. కాలవ గట్టు మీద సంఘం. హార్మోనియం వాయించే కుర్రాడికి ఇరవై రెండేళ్ళుంటాయి. ఒక రాత్రి ఇద్దరు పెద్దలొచ్చి, టైలరింగ్ షాపు కుర్రాడితో వీడి స్నేహం మంచి స్నేహం కాదని చెప్పి వెళ్ళారు. ఏం చూశారని నేనడగలేదు. ఆ వచ్చే శుక్రవారం శ్రమల కాలం కూడిక. కొబ్బరి చెట్టుకి కట్టిన హారను లాకుల దాకా వినపడేది. తిమోతి 5:20 తీశాను. పేరు చెప్పలేదు, అంత జాగ్రత్త పడ్డాను! "దేవుని స్తుతించే మెట్ల మీద ఉన్న వేళ్ళు పరిశుద్ధమైనవేనా?" అని మాత్రం అన్నాను. తలలన్నీ ఒక్కసారి అటు తిరిగాయి.

వాడు లేచి వెళ్ళిపోలేదు. ముగింపు పాట అన్ని చరణాలూ వాయించాడు. పెట్టె మూసి, తాళంచెవి తెచ్చి బల్ల మీద పెట్టాడు. మర్నాడు పొద్దున్న బస్సుకి హైదరాబాదు వెళ్ళిపోయాడు.

వారం తర్వాత వాళ్ళమ్మ వచ్చింది. వరి కోతల నుంచి తిన్నగా వచ్చినట్టుంది, కాళ్ళకి ఇంకా మట్టి ఉంది. అరుగు ఎక్కలేదు.

"మావోడు మీకేవన్నా సెప్పాడాండి అయ్యగారూ?"

"లేదమ్మా."

"మీరు ఆణ్ణి పిలిసి అడిగారాండి?"

"లేదమ్మా."

"మరి మీకెలా తెలిసిందండి?"

ఆవిడకి చదువు రాదు. మత్తయి 18:15 నాకు కంఠతా వచ్చు. ఆ కుర్రాడు అలాంటివాడా కాదా, ఇప్పటికీ నాకు తెలియదు. ఉత్తరం రాశాను, క్షమించమన్నాను. జవాబు రాలేదు. రెండేళ్ళ పాటు ఆ గుళ్ళో హార్మోనియం పెట్టె తెరిచినవాళ్ళు లేరు, చేతి తాళాలతోనే పాడుకున్నాం. నన్ను బదిలీ చేసేదాకా ప్రతి ఆదివారం ఆ తాళంచెవి నా సొరుగులోనే ఉండేది.

అపోహ: ఇలాంటివాళ్ళుంటే సండే స్కూలు పిల్లలకి ప్రమాదం.

ఇది వేరు, అది వేరు. మగవాడిని ఇష్టపడటం ఒక సంగతి, పిల్లల మీద చెయ్యి వెయ్యడం ఒక సంగతి. రెండోది చేసినవాళ్ళలో పెళ్ళాం, పిల్లలు ఉన్న పెద్దమనుషులు కూడా ఉంటారు. పిల్లకో పిల్లాడికో అన్యాయం జరిగిందంటే మాత్రం నేను పైన చెప్పిన ఒంటరి గద్దింపులు, ఇద్దరు ముగ్గురు సాక్షులు ఏవీ వర్తించవు. తిన్నగా పోలీసుల దగ్గరికి, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసీ చెప్పకపోవడం నేరం. "సంఘం పరువు పోతుందండీ" అన్నవాళ్ళని నేను చాలాసార్లు గద్దించాను. వాళ్ళ విషయంలో కొంచెం గట్టిగానే గద్దించాను, ఒప్పుకుంటాను.

అపోహ: పెళ్ళి చేసేస్తే అదే సర్దుకుంటుంది.

ఎవరి కూతురి జీవితం పెట్టి సర్దుతారండీ? మీ అమ్మాయినిస్తారా? అలా కట్టబెట్టిన పెళ్ళిళ్ళు రెండు నా ముందుకొచ్చాయి. రెండు చోట్లా ఏడ్చింది ఆడపిల్లే. పెళ్ళికి ముందు అబ్బాయిని కూర్చోబెట్టి ఇష్టమేనా అని అడగడం అయ్యగారి పని. మొహమాటానికి గుళ్ళో మూడుసార్లు పెళ్ళి ప్రకటన చదివేసి ఊరుకోకండి.

పంటు దిగాక ఆయన నంబరు తీసుకున్నాను. శనివారం సాయంత్రం ఆ ఊరు వెళ్ళి పెద్దల్ని కూర్చోబెట్టాను. ఎవరు చూశారు? ఎవరూ చూడలేదు. మీ కొత్త అయ్యగారు మీకేమైనా అపకారం చేశాడా? లేదు, ప్రసంగాలు కొంచెం పొడుగన్నారు. మరి పెళ్ళెందుకు చేసుకోలేదో కనుక్కున్నారా అని నన్నే అడిగారు. నేను అడగలేదన్నాను. అడగనన్నాను. ఒక పెద్దాయనకి కోపమొచ్చి, "మీరూ లోకంతో కలిసిపోయారండి" అని కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు. మిగతావాళ్ళు ఆదివారం ఎవరినీ నిలబెట్టలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. మంగళవారం అదే ఊరి నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. గొంతు వణుకుతోంది. ఈస్టరుకి కొత్త అయ్యగారే వాళ్ళ పాపకి బాప్తీస్మం ఇచ్చారట. "నిజంగా ఆయన అలాంటోరైతే మా పాపకిచ్చింది చెల్లదంటన్నారండి. పాపకి మొన్నట్నుంచీ జ్వరం. అందుకేనా అండీ?"

ఇలాంటి భయం పెట్టినవాళ్ళ మీద నాకు ఓపిక ఉండదు, భయపడ్డవాళ్ళ మీద ఉంటుంది. నిదానంగా చెప్పాను. తొలినాళ్ళలో క్రైస్తవుల మీద జరిగిన హింసల కాలంలో లేఖనాలు శత్రువులకి అప్పగించినవాళ్ళ చేతి సంస్కారాలు (బాప్తీస్మం లాంటివి) చెల్లవని ఉత్తర ఆఫ్రికాలో డోనటిస్టులని ఒక వర్గం పట్టుబట్టింది. అక్కడి బిషప్పు అగస్టీను వాళ్ళతో ఏళ్ళ తరబడి వాదించాడు, ఇచ్చేది క్రీస్తు గానీ చెయ్యి కాదని. 1530 ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన ఎనిమిదో అధికరణంలో మనవాళ్ళూ అదే రాసుకున్నారు. ఇచ్చినవాడు దుర్మార్గుడే అయినా సంస్కారం చెల్లుతుంది. ఇక్కడ దుర్మార్గుడని ఎవరూ తేల్చనైనా లేదు. నీళ్ళు పోశారా? తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామం చెప్పారా? అయితే చెల్లిందమ్మా. జ్వరానికి పాలకొల్లు తీసుకెళ్ళి డాక్టరుకి చూపించు.

"అయితే మళ్ళీ ఇప్పించక్కర్లేదు కదండీ?"

"అక్కర్లేదు."

అవతల ఏదో గుసగుస. తర్వాత ఆ అమ్మాయే మళ్ళీ అంది, "మా అత్తగారు నమ్మట్లేదండి. ఫోన్ ఆవిడకిస్తాను, మీరే ఓసారి చెప్పండి."