ఒక్క బొమ్మలో ఇమడని చెట్లు

డేటాను గుంపులుగా చీల్చుకుంటూ పోయే నమూనాను గణాంకాల్లో ‘చెట్టు’ అంటారు. దాన్ని బేసియన్ పద్ధతిలో, అంటే అనిశ్చితిని సంభావ్యతగా లెక్కగట్టే పద్ధతిలో, నడిపితే చేతికొచ్చేది ఒక చెట్టు కాదు, వేల చెట్లు. వాటిని జనానికి ఎలా గీసి చూపాలన్న దానిపై ఇప్పటికీ ఒక ఒప్పందం లేదు. చెట్ల నమూనాలు పుట్టిన కొత్తలో ఈ చిక్కు లేదు.

1963లో జేమ్స్ మోర్గాన్, జాన్ సాంక్విస్ట్ సర్వే డేటా కోసం ఒక ఉపాయం చెప్పారు: జనాన్ని ఏదో ఒక లక్షణాన్ని బట్టి రెండు గుంపులుగా చీల్చడం, ఒక్కో గుంపునూ మళ్లీ చీల్చుకుంటూ పోవడం. 1984లో బ్రైమన్, ఫ్రీడ్‌మన్, ఓల్షెన్, స్టోన్ రాసిన ‘కార్ట్’ పుస్తకం దానికి గట్టి పునాది వేసింది. డేటా ఇస్తే ఒకే చెట్టు వచ్చేది కాబట్టి గీయడం తేలిక. చలరాశులు (చీల్చడానికి వాడే లక్షణాలు) రెండే అయితే అదే చెట్టు ఒక పటం కూడా అవుతుంది. ప్రతి చీలికా అక్షానికి సమాంతరంగా ఒక గీత, ప్రతి ఆకూ (ఇక చీలని చివరి గుంపు) ఒక దీర్ఘచతురస్రం.

1998లో కథ మారింది. చిప్‌మన్, జార్జ్, మెకల్లాక్ ఒకవైపు, డెనిసన్, మల్లిక్, స్మిత్ మరోవైపు, చెట్టునే తెలియని రాశిగా తీసుకున్నారు. చిప్‌మన్ బృందం ప్రయర్‌లో, అంటే డేటా చూడకముందు పెట్టుకున్న అంచనాలో, లోతుకు వెళ్లేకొద్దీ కొమ్మ చీలే అవకాశం తగ్గుతుంది. ఆపైన మార్కోవ్ చైన్ అనే యాదృచ్ఛిక నడక ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు నడుస్తుంది: ఒక ఆకును చీలుస్తుంది, ఒక చీలికను తుడిచేస్తుంది, ఒక నియమాన్ని మారుస్తుంది, లేదా తల్లి నియమాన్నీ పిల్ల నియమాన్నీ తారుమారు చేస్తుంది.

మరి బొమ్మలో ఏ చెట్టు వేయాలి? అలవాటుగా అందరూ వేసేది పోస్టీరియర్ (డేటా చూశాక వచ్చే సంభావ్యత) అత్యధికంగా ఉన్న చెట్టు. నా దృష్టిలో ఇది సగం మోసం. బేసియన్ లెక్క అంతా చేసి, చివరికి కార్ట్ బొమ్మే చూపించినట్టు. పైగా ‘అత్యధికం’ అంటే ఆ చైన్ తిరిగిన మేరకే. వేరుకు దగ్గరి చీలికను మార్చాలంటే కింద ఉన్నదంతా కదలాలి కనుక చైన్ ఒకే తరహా చెట్ల దగ్గర ఇరుక్కుపోతుంది. చిప్‌మన్ బృందం మళ్లీ మళ్లీ మొదటి నుంచి నడపమన్నది అందుకే.

ఇంతకన్నా లోతైన చిక్కు మరొకటుంది. ఎక్స్, వై అని రెండు చలరాశులున్నాయనుకోండి. ముందు ఎక్స్ మీద చీల్చి, రెండు సగాలనూ వై మీద ఒకే విలువ దగ్గర చీల్చండి. లేదా ముందు వై, తర్వాత ఎక్స్. చెట్లు వేర్వేరు, నాలుగు గడులూ అవే, అంటే విభజన ఒకటే. చెట్లను లెక్కపెట్టి ‘ఇది ఇన్నిసార్లు వచ్చింది’ అంటే ఒకే విభజన ఓట్లు రెండుగా చీలిపోతాయి. అందుకే గీయాల్సింది చెట్టును కాదు, విభజనను.

రాబర్ట్ గ్రామసీ, హెర్బర్ట్ లీ ప్రతి ఆకులోనూ ఒక గాసియన్ ప్రాసెస్‌ను (నునుపైన వక్రాలను అమర్చే నమూనాను) కూర్చోబెట్టారు. నాసా రాకెట్ బూస్టర్ అనుకరణల్లో ధ్వని వేగం దగ్గర ప్రవర్తన ఒక్కసారిగా మారుతుంది. అంతటా ఒకే నమూనా సరిపోదు. ఆర్ అనే గణాంక భాషకు వారు రాసిన ప్యాకేజీ ‘టీజీపీ’ సగటు అంచనా మీద, అత్యధిక పోస్టీరియర్ చెట్టు విభజనను గీతలుగా వేస్తుంది. మోటార్‌సైకిల్ ప్రమాద ప్రయోగంలో క్షణక్షణానికీ కొలిచిన తల త్వరణం 133 రీడింగుల డేటాకు వేసిన బొమ్మ చూస్తే ఇబ్బంది అర్థమవుతుంది. మొదట్లో నిశ్చలం, ఆ తర్వాత ఒక్కసారిగా పతనం, వెంటనే పైకి. ఆ మలుపు దగ్గర నిలువు గీత పడుతుంది. కానీ సగటు వక్రం గీతను నునుపుగా దాటిపోతుంది, ఎందుకంటే అది చెట్లన్నింటి సగటు, గీత మాత్రం ఒక్క చెట్టుది. రెండు వేర్వేరు విషయాలు ఒకే బొమ్మలో కూర్చుంటాయి.

2010లో వచ్చిన బార్ట్ అనే బేసియన్ నమూనా ఈ సమస్యను పక్కన పెట్టేసింది. అందులో మామూలుగా 200 చిన్న చెట్లు కలిసి ఒక అంచనా ఇస్తాయి. ఏ ఒక్కదాన్నీ విడిగా చూసి ప్రయోజనం లేదు కాబట్టి జనం చలరాశుల వాడకాన్ని లెక్కపెట్టి ఊరుకున్నారు.

ఒంటి చెట్టు నమూనాల్లో మాత్రం నిజాయితీగా ఉండే దారి ఒకటుంది. చైన్ పోగుచేసిన విభజనలన్నింటి సరిహద్దులనూ పలచని, పారదర్శకమైన గీతలుగా ఒకదానిపై ఒకటి వేయడం. చెట్లు ఏకీభవించిన చోట నలుపు చిక్కబడుతుంది, తడబడిన చోట బూడిద రంగు మసక మిగులుతుంది. ఇది రెండు చలరాశుల వరకే సుఖం. మూడోది వస్తే దాని మీది చీలిక ఈ పటంలో గీతగా కనిపించదు. గడులన్నింటినీ రెండు అక్షాల మీదికి నొక్కేస్తే అవి ఒకదానిపై ఒకటి పడతాయి. అడ్డంగా ఒక కోత తీసి చూపితే విభజన శుభ్రంగా ఉంటుంది. కానీ మిగతా చలరాశులను ఏ విలువ దగ్గర ఆపారో పటం కింద రాయాలి, ఎందుకంటే ఆ విలువ కాస్త జరిగితే గీతలు మరోలా పడవచ్చు.