సర్వీస్ స్టార్ట్ కావడం లేదా? తప్పు దానిది కాకపోవచ్చు

ఆఫీసు కంప్యూటర్లో నెట్‌వర్క్ పోయిందని నాకు ఫోన్ వచ్చేసరికే సగం పని అయిపోయి ఉంటుంది. బాగుచేసే పని కాదు, ఇంకాస్త చెడగొట్టే పని. దానికి కారణం ఎక్కువగా ఈ అపోహలే. నేను చెప్పేది విండోస్ గురించి. అందులో తెర వెనుక నడిచే ప్రోగ్రాములే సర్వీసులు.

అపోహ: ఎర్రర్ ఏ సర్వీస్ పేరుతో వస్తే అదే పాడైంది.

1068 ఎర్రర్ వచ్చిందంటే, ఈ సర్వీస్ ఆధారపడిన మరొకటి లేవలేదని అర్థం. మనవాళ్లు మాత్రం పైన కనిపించిన పేరు పట్టుకుని స్టార్ట్ పదిసార్లు నొక్కుతారు. డీహెచ్‌సీపీ క్లయింట్‌నే తీసుకోండి. కంప్యూటర్‌కి ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో దాని చిరునామా) అడిగి తెచ్చేది అదే. అది లేవాలంటే ఏఎఫ్‌డీ అనే డ్రైవర్ (విండోస్ లోపల నెట్‌వర్క్ పని చూసే చిన్న ప్రోగ్రాం), నెట్‌వర్క్ స్టోర్ ఇంటర్‌ఫేస్ సర్వీస్ ముందే లేచి ఉండాలి. డ్రైవర్లేమో సర్వీసుల జాబితాలో కనబడనే కనబడవు.

అందుకే సర్వీసుల జాబితాలో ఆ సర్వీస్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి, అది వేటిమీద ఆధారపడిందో చూపే డిపెండెన్సీస్ ట్యాబ్ తెరిచి, అట్టడుగు నుంచి పైకి రావాలి. విండోస్ జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 7001 నంబరు ఎంట్రీ వెతకండి. ఏది దేనివల్ల ఆగిందో పేర్లతో సహా రాసి ఉంటుంది. ఒకసారి ఇది చూడకుండా గంటన్నర కేబుళ్లు మార్చాను. చివరికి తేలిందేమిటంటే, కంప్యూటర్ స్పీడ్ పెంచుదామని ఎవరో అడుగునున్న సర్వీస్‌ని డిసేబుల్ చేశారు.

అపోహ: షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే రీస్టార్ట్ చేసినట్టే.

విండోస్ 8 నుంచి అలా కాదు. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్‌లో యూజర్ని మాత్రమే బయటికి పంపి, కెర్నెల్‌నీ (విండోస్ గుండెకాయ) సర్వీసులనూ ఉన్నవి ఉన్నట్టు డిస్క్‌లో దాచుకుంటుంది. ఆన్ చేయగానే వాటినే బయటికి తీస్తుంది. ఇరుక్కున్న సర్వీస్ ఇరుక్కున్నట్టే తిరిగొస్తుంది. "ఆఫ్ చేసి ఆన్ చేశానండీ" అన్నాక కూడా "రీస్టార్ట్ నొక్కారా?" అని నేను అడిగేది అందుకే, నమ్మక కాదు.

అపోహ: ఆగి ఉన్నవన్నీ స్టార్ట్ చేసేస్తే పోలా?

వద్దు. మాన్యువల్ అని ఉన్నవి చాలావరకు అవసరం పడ్డప్పుడే లేస్తాయి, ఆగి ఉండటం రోగం కాదు. 1058 ఎర్రర్ వస్తే మాత్రం అది డిసేబుల్ అయిందేమో చూడండి.

అపోహ: నిన్నటిదాకా నడిచింది, ఎవరూ ఏమీ ముట్టుకోలేదు.

పాస్‌వర్డ్ మార్చారేమో అడగండి. బ్యాకప్, డేటాబేస్ లాంటి సర్వీసుల్ని కొన్నిచోట్ల ఒక ఉద్యోగి అకౌంట్‌తో నడిపిస్తారు. నడుస్తున్నంతసేపు పాస్‌వర్డ్ మారిన సంగతి బయటపడదు. తర్వాతి రీస్టార్ట్‌కి 1069 ఎర్రర్‌తో ఆగిపోతుంది. లాగాన్ ట్యాబ్‌లో కొత్త పాస్‌వర్డ్ ఇస్తే పనైపోతుంది.

అపోహ: అడ్రస్ వచ్చిందంటే నెట్‌వర్క్ ఉన్నట్టే.

అది 169.254తో మొదలైతే, అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ సర్వర్ జవాబివ్వక కంప్యూటర్ తనకు తానే పెట్టుకున్న అడ్రస్ అది.

అపోహ: ఏదీ కుదరకపోతే ఫార్మాట్ కొట్టేయడమే.

ఒకే పోర్టు (ప్రోగ్రాం నెట్‌వర్క్‌తో మాట్లాడే నంబరు గుమ్మం) కోసం రెండు ప్రోగ్రాములు కొట్టుకుంటున్నాయనుకోండి, రెండోది లేవదు. ఫార్మాట్ చేసి ఆ రెండింటినీ మళ్లీ వేస్తే మళ్లీ అదే గొడవ. netstat -ano అని కమాండ్ ఇస్తే ఆ పోర్టు ఏ ప్రాసెస్ చేతిలో ఉందో నంబరుతో సహా చూపిస్తుంది. ఒకదానికి పోర్టు మార్చండి.