అపోహలు - వాస్తవాలు: ములుగు భూకంపం 5.3 అయితే హన్మకొండలో ఎంత?

అపోహ: "ములుగుల 5.3 వచ్చింది గదా, మన హన్మకొండల 4 వచ్చి ఉంటది, హైదరాబాదుల 3."

వాస్తవం: 2024 డిసెంబర్ 4 ఉదయం 7.27కు వచ్చిన ఆ భూకంపానికి మాగ్నిట్యూడ్ (పుట్టిన చోట భూకంపం ఎంత పెద్దదో చెప్పే అంకె) ఒక్కటే, 5.3. దూరాన్ని సర్దుబాటు చేశాకే ఆ అంకె తీస్తారు కాబట్టి భూకంపాలను నమోదు చేసే ఏ స్టేషన్ నుంచి కొలిచినా ఇంచుమించు అదే రావాలి. ఊరూరికీ మారేది నేల ఊగిన తీరు. చిక్కంతా మాటలో ఉంది: పేపర్లు రెండింటినీ 'తీవ్రత' అనే రాస్తాయి.

పెళ్లి బరాత్‌లో డీజే అనుకోండి. బాక్సు వాట్లు మారవు. ఎదురుగా నిలబడితే గుండె అదురుతుంది, రెండు గల్లీల అవతల బేస్ ఒక్కటే వినిపిస్తుంది. భూమిలోనూ అంతే: వేగంగా కొట్టుకునే కంపనాలు దారిలోనే అణగిపోతాయి, నిదానంగా ఊగేవి దూరం పోతాయి. ఆ నిదానపు ఊపుకు ఎత్తైన భవనాలే ఎక్కువ ఊగుతాయి. అందుకే దూరపు ఊళ్లలో కింది ఇంటివాళ్లకు తెలియనిది పై అంతస్తు ఫ్లాటువాళ్లకు తెలుస్తుంది.

ఊగిన తీరుకు మన దేశంలో 12 స్థాయుల ఎంఎస్‌కే స్కేలు వాడతారు. దానికి కావాల్సినవి మనుషులు చెప్పే గుర్తులే: ఏ అంతస్తులో ఉన్నారు, నిద్ర లేచారా, ఫ్యాను ఊగిందా, గిన్నెలు పడ్డాయా, ప్లాస్టరు పగిలిందా. "చాలా గట్టిగా వచ్చింది" అంటే ఎందుకూ పనికిరాదు.

అపోహ: రిక్టర్ స్కేలు అనేది ఒక యంత్రం, 10 దాకా ఉంటుంది.

వాస్తవం: యంత్రం పేరు సీస్మోమీటర్. రిక్టర్ 1935లో కాలిఫోర్నియా కోసం ఇచ్చింది లెక్క మాత్రమే: 100 కిలోమీటర్ల దూరంలో నాటి వుడ్-ఆండర్సన్ పరికరం మీద గీత 1 మిల్లీమీటరు కదిలితే అది 3. పై హద్దంటూ పెట్టలేదు. పెద్ద భూకంపాలను ఆ పద్ధతి తక్కువ చేసి చూపుతుంది. అందుకే ఇప్పుడు పెద్దవాటికి మొమెంట్ మాగ్నిట్యూడ్ వాడతారు: నేల లోపలి పగులు వైశాల్యం, దాని వెంట రాళ్లు జారిన దూరం, రాతి గట్టిదనం, మూడింటినీ గుణించి లాగరిథమ్‌లోకి మారుస్తారు. ఉదాహరణకు 4 కిలోమీటర్ల పొడవు, 4 వెడల్పు ఉన్న పగులు 20 సెంటీమీటర్లు జారితే సుమారు 5.3 వస్తుంది.

అపోహ: మొదట ఒక అంకె, తర్వాత ఇంకోటి చెప్పారంటే దాస్తున్నట్టే.

వాస్తవం: తొలి అంకె కొద్ది స్టేషన్లతో తీసింది. మిగతావాటి రికార్డులు చేరాక 0.1, 0.2 మారడం మామూలే.

అపోహ: 5.3కూ 6.2కూ తేడా ఎంతని!

వాస్తవం: ఒక్క అంకె పెరిగితే నేల కదలిక 10 రెట్లు, శక్తి సుమారు 32 రెట్లు. 1993 లాతూర్ భూకంపం 6.2, శక్తిలో ములుగుకు 20 రెట్లు పైనే. పైగా అది సుమారు 10 కిలోమీటర్ల లోతులోదే. ములుగుది 40. అంటే సరిగ్గా దాని నెత్తిన ఉన్న ఊరు కూడా 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే. ఓపెన్‌కాస్టు గనుల బ్లాస్టింగే ములుగు భూకంపానికి కారణమన్నవాళ్లకూ ఈ లోతే జవాబు: ఆ పేలుళ్లు నేల పైపొరల్లోనే జరుగుతాయి.

అపోహ: చిన్నచిన్నవి వస్తుంటే పెద్దది తప్పిపోతుంది.

వాస్తవం: ఒక 6కు సరిపడా శక్తి 4లతో పోవాలంటే అవి వెయ్యి రావాలి. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చిన 5.7తో పోల్చినా ములుగుది శక్తిలో సుమారు నాలుగో వంతే.